సముద్రపు బల్లికి నాలుగు కాళ్ళు

పిల్లలకు బళ్ళో ఇచ్చే ప్రాజెక్టు వర్కు కంటే గొప్ప మేలు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! తిట్టేవాళ్ళు తిట్టుకోండి. ముదిగుబ్బ పక్కన గొర్రెలు కాసుకునే నాలాంటి ముసలిదానికి ఈ వయసులో చదువు యోగం ఇంకెవరిస్తారు?

అసలు థర్మోకోల్ కోసే పని పిల్లలకెందుకు చెప్పండి? వేళ్ళు తెగవూ? మా వీధి కుళ్ళాయప్ప పెళ్ళాంతో మాటలు మానేసి మూడు నెలలు. కొడుక్కి అగ్నిపర్వతం చేయాల్సొచ్చి, "గమ్ము యాడ పెట్టినావే?" అని తానే నోరు విప్పాడు. కాపురం నిలబడింది!

మొన్న మా మనవరాలు నందినికి ప్రాజెక్టుగా ప్లీసియోసార్ బొమ్మ చేయమని వచ్చింది. కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బల్లట. ఆ పేరు పలకబోతే రెండు పళ్ళు అడ్డమొచ్చాయి. నాకున్నవే ఆ రెండు.

"నేనే చేస్తానవ్వా" అంది పిల్ల. నేను ఊరుకుంటానా? బంకమన్ను పిసికి, పొడుగు మెడ సాగదీసి, ఒళ్ళంతా శనక్కాయ పొట్టు అతికించి, నాలుగు కాళ్ళు పెట్టాను.

"అవ్వా, దానికి కాళ్ళుండవు. ఈదేదానికి తెడ్ల మాదిరి రెక్కలుంటాయి. ఇది డైనోసార్ కాదు."

"రెండూ ఒకటే కదే?"

"కాదవ్వా! డైనోసార్లకి ఆవుకున్నట్ల కాళ్ళు ఒంటి కిందనే నిలువుగా ఉంటాయి. నేల మీద తిరిగేటివి. ఇది అదే కాలందే గానీ, వేరే జాతి. ఊపిరికి మాత్రం నీళ్ళ పైకొస్తాది."

"కాళ్ళు లేకుంటే నీళ్ళ కాడికి ఎట్ల పోతాదే?"

"అది నీళ్ళల్లోనే ఉంటాది కదవ్వా!"

"ఎల్లకాలం నీళ్ళా? యాడన్నా ఉండాదా అట్లాంటి చోటు?"

నీళ్ళ ట్యాంకర్ వెనక బిందెతో పరిగెత్తే బుద్ధి నాది. నీళ్ళ దగ్గరికి నడవలేని జీవి బతుకుతుందంటే ఎలా నమ్మేది? కాళ్ళు ఇంకాస్త లావుగా చేశాను.

పిల్ల అలిగి, మిగిలిన మట్టితో తనదొకటి చేసుకుంది. చిన్నది, వంకరది, మెడ నిండా వేలిముద్రలు. కానీ తెడ్లు నాలుగూ ఉన్నాయి.

పోటీ రోజు రెండూ బడికి తీసుకుపోయాం. సైన్స్ మేడం నాది చూసి, "అబ్బ, ఎంత నీట్‌గా ఉంది!" అని నందిని పేరు రాసి ముందు వరసలో పెట్టింది. పిల్ల చేసింది బీరువా వెనక్కి పోయింది.

"మేడం, దానికి కాళ్ళుండకూడదు..." అని నందిని మొదలుపెట్టింది.

"ఉష్! జడ్జీలొస్తాండారు."

ఫస్ట్ ప్రైజ్ నా కాళ్ళ బల్లికే! జన్మలో మొదటిసారి పరీక్ష పాసయ్యాను, అదీ తప్పు జవాబుతో! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా నేనే.

తిరిగొచ్చేటప్పుడు పిల్ల నాకంటే ముందు నడిచింది. ఇంటి ముందు ఆగి, పుస్తకాల సంచి తీసి నా భుజానికి తగిలించింది.

"సోమవారం నుంచి బడికి నువ్వే పో అవ్వా. గొర్లు నేను తోలుకపోతా."

ఆ మాటకు నాకు సిగ్గు రావాలి కదా? ముందు ఆశ పుట్టింది.