భానుప్రకాశ్ గేర్‌బాక్సు దింపిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే కారు గేర్‌బాక్సు దింపి, సాయంత్రానికల్లా వేరేది ఎక్కించేయాలని భానుప్రకాశ్ నిశ్చయించుకున్నాడు. బిజినేపల్లిలో అతనికి తెలిసిన మెకానిక్ చుట్టాల పెళ్ళికి వనపర్తి పోతూ, స్పానర్లూ జాకీ అతని చేతిలో పెట్టి జర పైలమని చెప్పి పోయాడు. భానుప్రకాశ్ మండలాఫీసులో గుమాస్తా. గేర్‌బాక్సు మార్చడం రెండుసార్లు పక్కన నిలబడి చూశాడు. చూసిన పనల్లా వచ్చేస్తుందనుకునే ధైర్యం ఆఫీసు మనుషులకు దండిగా ఉంటుంది.

తొందరకు కారణం మేనత్త రుక్కమ్మ. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆమే. ఇప్పుడు శుక్లాలు ముదిరి, పెంచిన కొడుకు ముఖం కూడా ఆమెకు మసకే. సోమవారం నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆపరేషన్. బస్సెక్కితే వాంతులు, కత్తంటే భయం. ఆ సాకుతో ఈ సాకుతో ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టింది. మేనల్లుడి కారులోనైతేనే వస్తానని చివరికి ఒప్పుకుంది. ఆమె ఒప్పుకున్న మర్నాడే కారు గేరు ఇరుక్కుపోయింది. ఈసారి తప్పితే అత్త మళ్ళీ ఒప్పుకోదని భానుప్రకాశ్‌కు బాగా తెలుసు.

కల్వకుర్తి పాతసామాన్ల కొట్లో గేర్‌బాక్సు దొరికింది. మిగతా సరంజామా కోసం కురుమూర్తి దుకాణానికి పోయాడు. ఇంజను కిందికి జారకుండా వేలాడగట్టడానికి రెండు వెదురుబొంగులు, కొబ్బరితాడు, పాత నూనె పట్టడానికి కొత్తకుండ, విప్పిన బోల్టులు పోకుండా పరుచుకోవడానికి తెల్లగుడ్డ. కురుమూర్తి ఆ సామాన్లు చూశాడు, దిగులుతో వేలాడిన ముఖం చూశాడు. ఆ సామాన్లు కలిపి కొనేవాడితో అక్కడ ఎవరూ బేరమాడరు, ఎందుకని అడగరు, మళ్ళీ రమ్మని అసలే అనరు. తలవంచుకుని అన్నీ కట్టి ఇచ్చాడు. ఇంత మంచి దుకాణదారుడు ఊళ్ళోనే ఉండగా ఇన్నాళ్ళూ తెలియలేదే అని భానుప్రకాశ్ మురిసిపోయాడు.

ఇంటికొచ్చి, కారు ముందుభాగం జాకీతో లేపి దిమ్మెలు పెట్టాడు. దింపేటప్పుడు గేర్‌బాక్సు నేలకు తగిలి పగలకుండా కింద వరిగడ్డి పరిచాడు. బోల్టులు కడగడానికి స్టవ్వులో ఉన్న కిరసనాయిలు కాస్తా ఒంపుకున్నాడు. దాంతో ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. తలంటుకుని జుట్టు విరబోసుకున్న భార్య మాలతి అతన్ని నాలుగు మాటలని, అలాగే కిరసనాయిలు చేబదులుగా తేవడానికి వెనక వీధిలోకి పోయింది.

కురుమూర్తి మాట చెవినపడి, భానుప్రకాశ్‌కు వరసకు మామ అయ్యే బుచ్చన్న వచ్చేసరికి ఆమే ఎదురైంది, జుట్టు విరబోసుకుని, కళ్ళెర్రజేసుకుని. వాకిట్లో బొంగులు, గడ్డి, తెల్లగుడ్డ, కుండ. లోపల మంచం మీద రుక్కమ్మ, ఈగల బాధకు ముఖం దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఇక అడగడానికేముంది? బుచ్చన్న వచ్చిన దారినే పోయి చుట్టాలకు ఫోన్లు చేశాడు, డప్పులవాళ్ళకు కబురంపాడు. పొయ్యి వెలగని ఇంటికి అన్నం పంపాలి కదా అని పక్కింటి సారమ్మ ఏడుస్తూనే పప్పు ఎసట్లో వేసింది.

భానుప్రకాశ్‌కు ఇవేమీ తెలియవు. పాత గేర్‌బాక్సు దింపాడు. కొత్తది గుండెల మీదికి లాక్కున్నాడు. అక్కడితో అతని విద్య అయిపోయింది. అది పైకి లేవదు, పక్కకు దొర్లదు. ఊపిరి బిగబట్టి పడుకున్నవాడికి కారు చుట్టూ పాదాలు కనిపించసాగాయి.

"గింత పని ఒక్కనివే ఎట్ల చేస్తవ్ బిడ్డా?" అన్నాడు బుచ్చన్న గద్గదంగా.

"ఒక్కనితోని కాదు మామా. నలుగురు పట్టాలె. బాగ బరువున్నది."

ఎండుపుల్లలాంటి రుక్కమ్మ అంత బరువెప్పుడైందో బుచ్చన్నకు అర్థం కాలేదు. అయినా కష్టంలో ఉన్నవాణ్ణి అడగకూడదు. "పట్టేతందుకు మేం లేమా?" అన్నాడు.

అంతలో డప్పు మోగింది. సారమ్మ గొంతెత్తి, రుక్కమ్మ ఎవరెవరికి పురుడు పోసిందో, ఎవరి జొరానికి రాత్రంతా కూర్చుందో పేరుపేరునా చెప్పి ఏడ్చింది. ఆ పేర్లవాళ్ళంతా అక్కడే ఉన్నారు, వాళ్ళూ అందుకున్నారు.

గోడ పట్టుకుంటూ రుక్కమ్మ గడపలోకొచ్చింది. "ఎవరు పోయిండ్రే సారమ్మా?"

డప్పు ఆగింది. సారమ్మకు అబద్ధం నోటికి రాలేదు. "నువ్వే వదినా."

రుక్కమ్మ మెల్లగా గడప మీద కూర్చుంది. "మరి ఆపిండ్రేంది? ఇంగ జర ఏడువుండ్రి, వింట."

నవ్వూ ఏడుపూ కలిసి వాకిలంతా గోల గోలైంది. ఉత్తుత్తి చావుకబురొస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరో అన్నారు. పాడె మోయడానికొచ్చిన నలుగురూ చొక్కాలు విప్పి కారు కిందికి దూరి, గేర్‌బాక్సును భానుప్రకాశ్ గుండెల మీంచి ఎత్తి ఇంజనుకు ఆనించారు. అతను బోల్టులు బిగించాడు. పొద్దువాలేవేళ కారు వాకిలి దాటితే డప్పులవాళ్ళు పెళ్ళి దరువు వేశారు. సారమ్మ పప్పన్నం తింటూ భానుప్రకాశ్ కళ్ళు తుడుచుకున్నాడు. వీళ్ళు లేకుంటే తనేమైపోయేవాడు? అందరికీ చేతులెత్తి దండం పెట్టాడు.

మర్నాడు రుక్కమ్మ ఎవరూ పిలవకముందే కారెక్కి కూర్చుంది. "చచ్చి లేసినదాన్ని, కత్తికేం భయపడుత? నాకోసం ఏడ్చిన ముఖాలు ఒక్కసారి చూడాలె బిడ్డా," అంది.

కట్లు విప్పాక ఇంటింటికీ పోయి, ఒక్కొక్కరి ముఖం చేతుల్లోకి తీసుకుని తనివితీరా చూసుకుంది. ఆ రోజు రానివాళ్ళ ఇళ్ళ ముందు మాత్రం కారు ఆపనివ్వలేదు, హారన్ కొట్టించి ముందుకు పొమ్మంది.