తార్నాకలో నీళ్ళ కబురు

ఆ మంగళవారం పొద్దున కామాక్షి రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, నాలుగు రోజులుగా పట్టి పీడించిన జలుబు తగ్గింది కాబట్టి కాగులో నీళ్ళు కాచుకుని తలారా స్నానం చెయ్యడం. రెండోది, మొగుడి తోడు లేకుండా తానొక్కతే బజారుకు వెళ్ళి కూరలు కొనుక్కురావడం. మొదటిది సులువే. రెండోది తలుచుకుంటేనే భయం.

తెనాలి నుంచి తార్నాక వచ్చి ఆరు నెలలైంది. భర్త వెంకటసుబ్బారావుకు యూనివర్సిటీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. "మద్రాసా, బొంబాయా? మన భాషే మాట్లాడతారు, భయమెందుకూ?" అని ధైర్యం చెప్పి తీసుకొచ్చాడు. వచ్చిన వారానికే ఆ ధైర్యం కాస్తా ఊడింది. కూరల బండి దగ్గర కామాక్షి బంగాళాదుంపలు ఉన్నాయా అని అడిగితే, ఆ బండి ఆవిడ చెవి ఒగ్గి సగమే విని, "బంగారం గీడ దొరకదమ్మా, జనరల్ బజార్ల దొరుకుతది, సికింద్రబాద్ పోవాలె" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందులో ఎకసెక్కం లేదు. అయినా కామాక్షి ఆ రోజునుంచి గేటు దాటలేదు. ఉగాదికల్లా ఈ ఊరు అలవాటు కాకపోతే తిరిగి తెనాలి కాలేజీలో పాత ఉద్యోగానికే వెళ్ళిపోదామని మొగుడి చేత మాట తీసుకుంది.

స్నానం అయింది. కామాక్షి పెరట్లో నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే వీధి గేటు దగ్గర అమ్మాజీ ఆగింది. అమ్మాజీ అంటే రీడర్ సుందరరావుగారి భార్య. రాజమండ్రి మనిషి, పన్నెండేళ్ళుగా క్యాంపస్ క్వార్టర్స్‌లో కాపురం. అక్కడి ఆంధ్రా వాళ్ళ ఇళ్ళల్లో పుట్టే ప్రతి కబురుకీ ఆవిడే మంత్రసాని.

"ఏం భారతమ్మా, మా కామాక్షి ఈ మధ్య కనపట్టం లేదు?" అని అడిగింది అరుగు మీద బియ్యం చెరుగుతున్న ఇంటి యజమానురాలిని.

"నాలుగొద్దుల సంది పండుకునే ఉన్నదమ్మా. అన్నం గూడ సయిస్తలేకుండె. ఇగ ఇయ్యాల నీళ్ళు వోసుకున్నది. నాకు జర నిమ్మలమైంది."

అమ్మాజీ చేతిలో సంచీ కింద పెట్టేసింది. "నీళ్ళోసుకుందా? నిజంగా?"

"అబద్ధమెందుకు జెప్త? నేను సూసిన గద."

చూసి చెప్పే సంగతా ఇది అని అమ్మాజీ ఒక్క క్షణం ఆలోచించి ఉండవలసింది. కానీ ఆవిడ ముందు కబురు చేరవేసి, తరవాత ఆలోచించే మనిషి. పిల్లను కదిలించడం దేనికని లోపలికైనా రాకుండా, వచ్చినదారినే క్వార్టర్స్‌కి పరుగెత్తింది.

మధ్యాహ్నం మూడయ్యేసరికి కామాక్షి గుమ్మంలో నలుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకరి చేతిలో పులిహోర, ఒకరి చేతిలో మాగాయ జాడీ. ఆరు నెలల్లో ఇంతమంది ఆ ఇంటికి రావడం అదే మొదలు. సంబరంగా చాప పరిచింది. "వంగకు, వంగకు!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

"ఎన్నో నెల?" అంది అమ్మాజీ.

"ఏమిటి ఎన్నో నెల?"

"మా దగ్గర దాపరికమెందుకే పిచ్చిపిల్లా!"

కామాక్షికి అర్థమై, ముఖం ఎర్రబడింది. "అయ్యో, అలాంటిదేం లేదక్కయ్యగారూ! నాకు జలుబు చేసిందంతే."

"తెలుసులే. ఆ జలుబు తొమ్మిది నెలలకి తగ్గుతుంది" అంది అమ్మాజీ. అందరూ పకపకా నవ్వారు. మూడో నెల వచ్చేదాకా పైకి చెప్పకూడదన్న నియమం ఉంది కాబట్టి, కామాక్షి కాదన్నకొద్దీ వాళ్ళకు నమ్మకం బలపడింది. వెళుతూ వెళుతూ అమ్మాజీ భారతమ్మను పక్కకు పిలిచి, "పిల్ల ఒట్టి మనిషి కాదు. బరువులు మొయ్యనివ్వకు" అని అప్పగింతలు పెట్టింది.

భారతమ్మ నోరు తెరిచింది. పొద్దున తన నోటి నుంచి వెళ్ళిన మాటే ఇలా తిరిగొచ్చిందని ఆవిడకేం తెలుసు? తిన్నగా వచ్చి కామాక్షి చేతిలో నీళ్ళ బిందె లాక్కుంది. "నా ఇంట్ల ఉండుకుంట నాకు జెప్పకపోతివి బిడ్డా! లోకమంతటికి ఎరికైనంక నాకు ఎరికైతదా?"

సాయంత్రం సుబ్బారావు సంచీనిండా బత్తాయిలతో, చేమంతులతో వచ్చాడు. స్టాఫ్ రూములో సుందరరావుగారు చెయ్యి పట్టుకుని ఊపి ఊపి అభినందించారట. "నాలుగు రోజులూ జలుబంటే నమ్మాను చూడు, ఎంత మొద్దుని!" అన్నాడు. పెళ్ళయిన ఐదేళ్ళలో అతని ముఖం అలా వెలగడం ఆమె చూడలేదు.

"ఏవండీ, అది జలుబేనండీ" అంది నెమ్మదిగా.

అతను ఒక బత్తాయి తీసి శ్రద్ధగా ఒలిచాడు. సగం ఆమె చేతిలో పెట్టి, "పోనీలే. బత్తాయి జలుబుకు పనికిరాదేమో, కొంచెమే తిను" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మకు టెలిగ్రాం ఇచ్చేశానే!"

"కాదని ఇంకొకటి ఇవ్వండి."

"మొదటిది అందగానే బండెక్కేస్తుంది. రెండోది చూడ్డానికి ఇంట్లో ఎవరుంటారు?"

మర్నాడు పొద్దున కామాక్షి చెప్పులేసుకుని, గేటు తీసుకుని, క్యాంపస్ రోడ్డు పట్టుకుని విసవిసా అమ్మాజీ ఇంటికి నడిచింది. దారిలో ఇద్దరిని అడ్రసు కూడా అడిగింది. ఒక్కతే వెళుతున్నానన్న సంగతి కోపంలో ఆమెకు తట్టనేలేదు. "ఈ మాట ఎవరు పుట్టించారు, అక్కయ్యగారూ?"

"ఎవరో ఎందుకు పుట్టిస్తారు? మీ ఇంటావిడే నాతో చెప్పింది. కావాలంటే పద, ఎదురుగానే అడుగుతాను."

అరుగు మీద పంచాయితీ మొదలైంది.

"నేనెప్పుడన్న? నువ్వే గద నాకు జెప్పింది!" అంది భారతమ్మ.

"నువ్వు చెబితేనే కదా నేను నీకు చెప్పింది!"

"నాకు తెల్వని ముచ్చట నీకెట్ల జెప్త?"

"అబద్ధాలాడ్డం మాకు చేతకాదమ్మా."

"అంటే? మాకు చేతనైతదా?"

మాకూ మాకూ అనుకునేసరికి తగువు ఇద్దరాడవాళ్ళ మధ్య నుంచి జరిగి రెండు ప్రాంతాల మధ్యకు వచ్చి కూర్చుంది. భారతమ్మ కొంగు దోపి, కామాక్షి వైపు తిరిగింది. "నా గడపల నిలవడి నన్ను అబద్ధాలకోరంటే నేను పడ. నెల ఒడ్సినంక మీరు వేరే ఇల్లు సూస్కోండ్రి బిడ్డా."

ఇక ఈ ఊళ్ళో ఉండక్కర్లేదు. ఆరు నెలలుగా కోరుకున్నది అదే. కానీ కామాక్షి వంటింటి తలుపు చాటుకు వెళ్ళి ఏడ్చింది. జలుబు చేసిన నాలుగు రోజులూ మిరియాల కషాయం కాచి తెచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నది ఆ భారతమ్మే.

గురువారం ఏడింటికల్లా గేటు ముందు రిక్షా ఆగింది. అందులోంచి సున్నుండల డబ్బా, పసిపిల్లకని పాత చీరలతో కుట్టిన బొంత, వాటి వెనక కామాక్షి అత్తగారు కాశమ్మ దిగారు. భారతమ్మకు అలక ఉంటే ఉంది గానీ, ఇంటికొచ్చిన పెద్దమనిషిని నిలబెట్టే రకం కాదు. పీట వాల్చింది.

"మా సుబ్బారావేడమ్మా?" అంది కాశమ్మ ఆయాసం తీర్చుకుంటూ.

"గిప్పుడే నీళ్ళు వోసుకున్నడమ్మా. వస్తడు, కూసోండ్రి."

కాశమ్మ కూర్చోబోతూ ఆగింది. "ఎవరు?"

"మీ కొడుకే."

"మావాడు... నీళ్ళోసుకున్నాడా?"

"అవు. రోజు వోసుకుంటడు. ఎండకాలమైతే రెండుసార్లు."

కాశమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఈ మహానగరం నీళ్ళలో ఏం మహత్యం ఉందో ఆవిడకు అంతుపట్టలేదు.

కిటికీ దగ్గర పోపు వేస్తున్న కామాక్షి చేతిలో గరిటె ఆగిపోయింది. మంగళవారం పొద్దున్న ఒక్కసారిగా కళ్ళముందు కదిలింది. గరిటెతోనే బయటికి పరుగెత్తింది. "అత్తయ్యా! ఇక్కడ నీళ్ళోసుకోవడమంటే స్నానం చెయ్యడం!" అని, ఇటు తిరిగి, "భారతమ్మగారూ! మా వైపు అదే మాటకు కడుపుతో ఉండటమని అర్థం! మీరు ఒకటి చెప్పారు, అమ్మాజీ అక్కయ్యగారు ఒకటి విన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు!" అంది.

భారతమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! మరి సారుకు రోజూ..." అని మాట పూర్తి చెయ్యలేక నవ్వుతూ అరుగు మీద చతికిలబడింది. సరిగ్గా ఆ సమయానికే సుబ్బారావు భుజాన తువ్వాలుతో బయటికొచ్చాడు. ముగ్గురాడవాళ్ళూ ఒక్కసారే అతని పొట్టవైపు చూశారు. ఆ తరవాత చాలాసేపటిదాకా అతనికి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

నవ్వులు సద్దుమణిగాక కాశమ్మ ఒళ్ళో బొంత పెట్టుకుని నెమ్మదిగా మడత పెట్టింది. కామాక్షి తల వంచుకుంది. అత్తగారు కోడలి చెయ్యి నొక్కి, డబ్బా మూత తీసింది. "ఎవరి కడుపులోకి వెళితేనేం, సున్నుండలు పాడవకుండా వెళితే చాలు" అంది. అమ్మాజీకి కబురెళ్ళింది. ఆవిడ వచ్చి, విని, లెంపలేసుకుని, "నేను ముందే అనుమానపడ్డాను సుమా" అంది. ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి కామాక్షి భయంభయంగా అడిగితే, "ఏ ఇల్లు? ఎవరన్నరు?" అంది భారతమ్మ సున్నుండ నములుతూ.

ఉగాది దగ్గర పడింది. తెనాలి తిరిగి వెళ్ళే మాట సుబ్బారావు ఒకసారి ఎత్తబోయాడు గానీ, కామాక్షి ఇంట్లో లేదు. అమ్మాజీతో, మరో ఇద్దరితో కలిసి సికింద్రాబాదు వెళ్ళింది. ఇక నాలుగు రోజులుండి వెళ్ళిపోతానన్న కాశమ్మగారు నెల గడిచాక, ఒక ఆదివారం పొద్దున్నే మూట కట్టుకుని, కొడుక్కి కోడలికి జాగ్రత్తలు చెప్పి, నిజంగానే బయలుదేరారు.

తెనాలికి కాదు, భారతమ్మతో కొమరవెల్లి జాతరకు.