మేడ మీద గ్రీకు పిలుపు

తాళాలు బాగుచేసే ముసలాయన ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణం తెరిచేలోగా మేడ మీదికెళ్ళి, భార్య పిలిచినట్టు పిట్టల్ని పిలవాలి. ఆమె చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. సువార్త రాసిన గ్రీకులో పక్షుల్ని 'పెతెయినా' అంటారని, అంటే ఎగిరేవని, పాస్టరుగారి దగ్గర నేర్చుకుంది. వచ్చిన ఆ ఒక్క ముక్కతోనే రోజూ తెల్లారగానే మేడ మీద పిట్టల్ని పిలిచేది. ఆమె పోయాక పిట్టలూ రావడం మానేశాయి. ఆమె ఎలాగూ రాదు, కనీసం ఆమె పిట్టలైనా వస్తే చాలునని ఆయన ఆశ.

పిట్టగోడ పట్టుకుని, గొంతు సవరించుకుని, "పెతెయినా" అన్నాడు. ఏదీ రాలేదు. గొంతు పెంచాడు. ఎదురింటి టైలరమ్మ కిటికీలోకి వచ్చింది.

"ఎవర్నన్నయ్యా పిలుస్తున్నావు?"

"పిట్టల్ని."

టైలరమ్మ ఆకాశమంతా కలయజూసింది. ఈక కూడా కనపడలేదు. అడిగినా నోరు విప్పని మనిషి, తెలియని భాషలో, లేని పిట్టల్ని పిలుస్తున్నాడు. మిషను మీద జాకెట్టు అలాగే వదిలేసి వీధిలోకి దిగింది.

సంగతి బేకరీ దాకా వెళ్ళేసరికి పిట్టలు పోయి రెక్కలు మిగిలాయి. చర్చి మెట్ల దగ్గర ఆ రెక్కలకు దేవదూతలు మొలిచారు. వీధి మలుపు తిరిగేసరికి దూతల మధ్య ఆయన భార్య కూడా నిలబడింది. కాసేపట్లో మేడ నిండా జనం. బేకరీవాడు బన్నుల తట్ట పైకే తెచ్చిపెట్టాడు.

మరదలు రొప్పుతూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బావా, అక్క కనిపించిందా?"

లేదనడానికి నోరు తెరిచాడు. ఆ మాట పైకి అనడం ఆయన వల్ల కాలేదు. నోరు మూసుకున్నాడు. జనం దాన్ని అవునుకింద జమకట్టారు.

"అయితే అడుగు బావా, అమ్మ గాజులు ఎక్కడ దాచిందో."

"మా ఆయన కూడా అక్కడే ఉన్నాడేమో కనుక్కో అన్నయ్యా," అంది టైలరమ్మ. "ఉంటే ఉండనీ. పిలవద్దు."

ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ ధాటికి పక్కింటి కప్పు మీదున్న పావురాలు కూడా లేచిపోయాయి. ముసలాయన వాటి వంకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో పాస్టరుగారు మెట్లెక్కి వచ్చి, ఆయన చేత ఆ మాట ఇంకోసారి అనిపించి, నెత్తి గోక్కున్నారు.

"ఇది గ్రీకమ్మా. పక్షులని అర్థం. వాళ్ళావిడకి నేనే చెప్పాను."

"అంతేనా?"

"అంతే."

"దీనికోసమా ఈ మోకాళ్ళేసుకుని ఇన్ని మెట్లెక్కాను," అంది టైలరమ్మ. జనం గొణుక్కుంటూ దిగిపోయారు. మేడంతా బన్నుల పొడి మిగిలింది.

ముందొక పిచ్చుక వాలింది. తర్వాత నాలుగు. చూస్తుండగానే పిట్టగోడ నిండిపోయింది. ఎవరూ పిలవలేదు.

దిగకుండా ఆగిపోయిన మరదలు అడిగింది.

"బావా, గింజలు వేశావా అసలు?"

"వెయ్యాలా?"

"వెయ్యకపోతే నీ మొహం చూసి వస్తాయా? అక్క పైకి రాగానే ముందు గింజలే చల్లేది. అవన్నీ వచ్చి తింటుంటే అప్పుడు పిలిచేది."

"వచ్చాక ఇంకా పిలవడం దేనికి?"

మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీకోసం బావా. ఆ అరుపుకైనా లేచి, ఏమిటా అని చూడ్డానికి పైకొస్తావని. పేరు పెట్టి పిలవడానికి సిగ్గుట. నువ్వు ఒక్క రోజైనా రాలేదని నవ్వుతూనే చెప్పేది."

ఆయన పిచ్చుకల పక్కనే కూర్చుండిపోయాడు. దుకాణం ఆ పూట తెరవలేదు.

మర్నాటి నుంచి తెల్లారగానే గింజలు చల్లి కూర్చునేవాడు గాని, ఎవర్నీ పిలిచేవాడు కాదు. పిలిస్తే రావలసినవాడు మేడ మీదే ఉన్నాడు.