ఫ్రిజ్‌లో తాళాలు పెట్టే దెయ్యం

ఆ రోజైనా వేళకు డ్యూటీకి చేరాలని ల్యాబ్ టెక్నీషియన్ పెందలాడే లేచింది. తాళాలు కనబడలేదు. వెతుకుతుంటే బాత్రూంలో కుళాయి దానంతటదే పారుతోంది. కట్టేసేసరికి ఖాళీ గదిలోంచి అచ్చం తన గొంతే, "లేవే, టైమైంది" అంది. చివరికి తాళాలు ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల కింద దొరికాయి.

"ఈ ఇంట్లో ఏదో ఉందని చెబుతూనే ఉన్నాగా," అంది అత్తగారు తాపీగా.

పాప భయపడి తండ్రి చంకెక్కింది. తండ్రి ఎవరి చంకా ఎక్కలేక, "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేద్దాం" అన్నాడు.

ఆమెకది కుదరదు. ల్యాబ్ పక్కవీధిలో ఉండబట్టే ఉద్యోగాన్నీ పిల్లనీ నెట్టుకొస్తోంది. ఇల్లు మారితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. అందుకే మర్నాడు తెల్లవారకముందే దెయ్యాన్ని పట్టుకుందామని వంటింటి అలమరలో ఫోను వీడియో పెట్టి దాచింది.

డ్యూటీకి వెళ్తూ ఆ ఫోను తీసుకెళ్లి, ల్యాబ్‌లో కూర్చుని చూసింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి వచ్చి, ఫ్రిజ్‌లో తాళాలు పెట్టి, పాలప్యాకెట్ తీసింది. పాలు స్టవ్ మీద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోతూ ముఖం తిప్పింది.

తనే. చటుక్కున వీడియో ఆపేసింది. ఏ ఒక్కరి రక్తం సీసానీ తారుమారు చేయని చేతులు ఫోనును బల్లమీద బోర్లించేశాయి.

"నన్నే పట్టింది డాక్టరుగారూ!" అంటూ పై అంతస్తులోని మానసిక వైద్యురాలి దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ చిన్ననాటి నుంచీ అన్నీ అడిగి, మళ్లీ మళ్లీ పిలిచి, చివరికి తేల్చింది.

"దెయ్యం కాదమ్మా, ఏడీహెచ్‌డీ. మనసు ఒకచోట నిలవక, చేసిందీ పెట్టిందీ మరిచిపోయే ఇబ్బంది. పెద్దయ్యాకే ఇది బయటపడేవాళ్లు చాలామంది."

"మరి ల్యాబ్‌లో తప్పు చెయ్యనే! ఆ గొంతో?"

"నచ్చిన పనిలో మునిగితే మీకు లోకం తెలీదు. అదీ ఇందులో భాగమే. గొంతంటారా, పాత ఫోన్లో అలారం రికార్డు చేసుకున్నానని మీరేగా చెప్పారు?"

"ఇన్నేళ్లూ నాది ఒళ్లు బద్ధకమనుకున్నానండీ," అని ఆమె భోరుమంది. ఏడుపులో సగం సంతోషమే.

"అది సరే, ఇదెవరు?" డాక్టరు వీడియో ముందుకు జరిపింది. పాలు పొంగబోతుండగా, చీకట్లోంచి ఉంగరం తొడిగిన ముడతల చేయొకటి చాచుకుంటూ వచ్చి, స్టవ్ కట్టేసి మాయమైంది.

ఇంటికొచ్చి ఆ చేతి ఉంగరాన్ని పోల్చుకుంది. "అత్తయ్యా, మీరా?"

"నీ పెళ్లైన దగ్గర్నుంచీ నీ వెనకాలే స్టవ్ కడుతూనే ఉన్నా. నిన్నంటే ఏడుస్తావు. దెయ్యాన్నంటే ఎవరికీ బాధ ఉండదు కదా."

"ఇల్లు ఖాళీ చేయబోయాం కదమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వింత పిరికివాడివని నాకేం తెలుసురా?"

కోడలు ఆవిడ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇల్లు ఖాళీ చేసే మాట అంతటితో ఆగింది.

"ఇంతకీ డాక్టరిచ్చిన మందులేవీ?" అన్నాడు భర్త.

అందరూ ఫ్రిజ్ వైపు చూశారు.