పిన్ని చెవులకు కొత్త వెర్షన్

కొన్న వస్తువు మనది కాకపోవడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు!

నమ్మరా? మీ ఫోనో, టీవీయో నిజంగా మీదే అనుకోండి. దాని మంచీచెడ్డా మీరే చూసుకోవాలి. దాన్ని ఎప్పుడు వాడాలో, ఎలా వాడాలో మీరే తేల్చుకోవాలి. ఎంత బరువు! దయగల కంపెనీలు ఆ బరువును మన నెత్తిమీంచి దించేశాయి. ఇప్పుడు మనం చెయ్యాల్సిందల్లా కొనడం, చార్జింగ్ పెట్టడం, కింద పడితే గుండె బాదుకోవడం. మిగిలిన పెత్తనమంతా వాళ్లది. కన్నవాళ్లు కూడా మనల్ని ఇంత శ్రద్ధగా చూసుకోలేదు కదా?

డిజిటల్ హక్కులంటూ గొంతు చించుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లందరినీ ఒకసారి మా బాబాయి ఇంటికి పంపాలని నా కోరిక.

మా బాబాయి పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్ రీడర్. ముప్పై ఏళ్లుగా చేతిలో ఎర్ర కలం. హోటల్లో మెనూ కార్డు ఇస్తే ముందు అందులో తప్పులు దిద్ది, ఆ తర్వాతే ఏం కావాలో చెబుతాడు. ఒక్క ఒత్తు జారినా ఆయనకు ఆ పూట నిద్ర పట్టదు.

అంతటి మనిషి కొత్త గ్యాడ్జెట్ విప్పగానే చేసే మొదటి పని ఏమిటో తెలుసా? తొంభై పేజీల షరతుల్ని ఒక్క వేలితో కిందికి తోసేసి, ఒప్పుకున్నట్టు నొక్కెయ్యడం!

"బాబాయ్, చదవవా?" అని అడిగాను ఒకసారి.

"పొద్దున్నుంచీ చదివేగా వచ్చాను? ఇంట్లో కూడా చదవమంటావేంరా!" అన్నాడు.

నిజమే. జీతమిచ్చి చదివించేవాళ్లవి చదవాలిగానీ, ఊరికే ఇచ్చినవి చదివితే ఏం మర్యాద?

వాళ్లింట్లో బల్బుకు ఇంటర్నెట్ కావాలి. అది దొరకని రోజు చీకట్లోనే భోంచేస్తారు; పక్కవాళ్లు ఏం తింటున్నారో తెలియదు కాబట్టి పోటీ ఉండదు. బట్టలుతికే యంత్రం వారానికోసారి ఫోనుకు ఉత్తరం రాస్తుంది: "అభినందనలు! ఈ వారం మీ కుటుంబం తక్కువ మురికి చేసింది." ఏ చుట్టమైనా ఇంత మెచ్చుకుంటాడా? ఇక వీధి తలుపు తాళం సంగతి. ఓ మధ్యాహ్నం జోరున వాన పడుతుంటే, "అప్‌డేట్ అవుతున్నాను, దయచేసి తలుపు దగ్గరే ఉండండి" అంది. ఉండక ఎక్కడికి పోతారు? ఆలుమగలిద్దరూ నలభై నిమిషాలు ఒకే గొడుగు కింద నిలబడ్డారు. పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు అంత దగ్గరగా నిలబడలేదని పిన్ని చెప్పింది. టెక్నాలజీ మనుషుల్ని కలుపుతుందంటే ఇంకెలా కలపాలి?

అసలు చెప్పదలుచుకుంది పిన్ని గురించే.

పిన్ని కుట్టుమిషన్ల మెకానిక్. వీధి మలుపులో ఇరుకైన గది, గోడనిండా బెల్టులు, సీసాల్లో స్క్రూలు, ఎటు చూసినా మిషన్ నూనె వాసన. మిషన్ తెచ్చినవాళ్లు దాని జబ్బు వర్ణించబోతే "ఉండండి" అని చెయ్యెత్తుతుంది. ముందు ఎదురుగా కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టి, కళ్లు మూసుకుని వింటుంది. "షటిల్ ఒరుసుకుంటోంది" అనో, "బెల్టు వదులైంది" అనో చెబుతుంది. విప్పి చూస్తే అదే అయివుంటుంది. ఇరవై రెండేళ్లలో ఆమె విని చెప్పింది తప్పయిన రోజు లేదు.

అలాంటి పిన్నికి యాభై దాటాక వినికిడి తగ్గింది. మొదట్లో ఆమెకే తెలియలేదు. "ఈమధ్య మిషన్లు మెత్తబడ్డాయండీ, మంచివే చేస్తున్నట్టున్నారు" అనేది బాబాయితో. ఒకరోజు పాత ఖాతాదారు ఒకావిడ గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచి, పిన్నికి తన మీద కోపమొచ్చిందనుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నాలుగు రోజుల తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ఆ సాయంత్రం పిన్ని అన్నం ముందు కూర్చుని, "నాకు మిషన్ వినబడట్లేదండీ" అంది.

అంతే. ఆమె ఏడవలేదు. బాబాయే కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

బాబాయికి దుఃఖానికి తెలిసిన మందు ఒక్కటే: కొనెయ్యడం! మర్నాడే ఊళ్లోకెల్లా తెలివైన చెవిమిషన్ వచ్చింది. చిక్కుడు గింజంత ఉంది. దానికి యాప్ ఉంది, ఖాతా ఉంది, షరతులున్నాయి. బాబాయి వేలు ఎప్పటిలాగే సర్రున జారింది.

పిన్ని అది పెట్టుకుని కొట్టు తెరిచి, ఎదురుగా ఉన్న మిషన్ తొక్కింది. ఆగింది. మళ్లీ తొక్కింది. మొహమంతా వెలిగిపోయింది.

"దీనికి నూనె లేదండీ!" అంది. "అయ్యో, ఈ ఏడాదిలో ఎన్ని మిషన్లను నూనె లేకుండా పంపేశానో!" అంటూనే నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ రోజు కొట్టులో ఉన్న మిషన్లన్నీ వరసగా తొక్కింది. పనిలేని వాటిని కూడా.

నలభై రోజులు పిన్ని మహారాణిలా బతికింది. ఇక్కడ వెటకారం లేదు, నిజంగానే.

నలభై ఒకటో రోజున కొత్త వెర్షన్ వచ్చింది.

కంపెనీవారి కరుణ చూడండి! లోకంలో మోత ఎక్కువైపోయిందని వాళ్లు బాధపడ్డారట. అందుకని మనుషుల మాటలు మాత్రమే వినిపించేటట్టు, మిగతా రొద చెవిలోకే రాకుండా సర్దేశారు. ఫ్యాన్లు, లారీలు, యంత్రాలు అన్నీ బంద్. పిన్ని మిషన్ ముందు కూర్చుని పెడల్ తొక్కితే సూది పైకీ కిందికీ ఆడుతోంది గానీ చప్పుడు లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె నమ్ముకున్న శబ్దానికి కంపెనీ పెట్టిన పేరు 'రొద'!

బాబాయి యాప్ అంతా గాలించాడు. దారి దొరికింది. వృత్తిని బట్టి వినికిడి మార్చుకోవచ్చట. వైద్యులు, పైలట్లు, సంగీత విద్వాంసులు, పక్షుల్ని చూసేవారు అని జాబితా ఉంది. కుట్టుమిషన్ల మెకానిక్ లేదు. ఎందుకుంటుంది? ఆ యాప్ చేసినవాళ్ల బట్టలు వాటంతటవే కుట్టుకుంటాయి కాబోలు!

"సంగీతం పెట్టనా?" అన్నాడు బాబాయి.

"పక్షులకన్నా నయమే, పెట్టండి" అంది పిన్ని.

పెట్టాడు. మిషన్ మళ్లీ వినబడింది. బాబాయి గర్వంగా నా వైపు చూసి, "టెక్నాలజీని తిట్టకూడదురా, బతిమాలాలి" అన్నాడు.

ఆ వారమే బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానా నుంచి సూపర్వైజరమ్మ ఒక మిషన్ పంపింది. పిన్ని కళ్లు మూసుకుని వింది. "తీగ మీటినట్టుంది, దీనికేం రోగం లేదు" అని రెండు చుక్కల నూనె వేసి పంపేసింది.

మూడో రోజున సూపర్వైజరమ్మ ఆ మిషన్‌ను రిక్షాలో వేయించుకుని తనే వచ్చింది. కుడుతూ ఉండగా సూది కింద దారాన్ని తిప్పే షటిల్ పట్టేసి, సూది రెండు ముక్కలై, ఒక ముక్క కుట్టే అమ్మాయి చెంపలో గుచ్చుకుందట. కంటికి బెత్తెడు కింద.

ఆవిడ కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. మిషన్ బల్లమీద పెట్టి, "అక్కా, ఒక్కటి చెప్పు. నువ్వు విన్నావా, విననేలేదా?" అంది.

పిన్ని చెవిలోది తీసి పక్కన పెట్టి, మిషన్ విప్పింది. షటిల్ అంచు రంపంలా అరిగి ఉంది. అది చేసే చప్పుడు ఎలా ఉంటుందో పిన్నికి నిద్రలో కూడా తెలుసు. కానీ సంగీత విద్వాంసులకు కర్ణకఠోరమైనవి నచ్చవని, కంపెనీవారు గరుకు శబ్దాలన్నిటినీ నునుపు చేసి, తేనెలో ముంచి వినిపిస్తున్నారు! ఎంత మంచి మనసో! రోగి మూలుగుతుంటే డాక్టరుకు జోలపాటలా వినిపించే ఏర్పాటు.

పిన్ని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లింది. చెంపకు పట్టీతోనే ఆ పిల్ల లేచి కుర్చీ వేసింది. "ఏం కాలేదు పిన్నిగారూ, తగ్గిపోతుంది" అంది. పిన్నికి సగం మాటలు వినబడలేదు. పట్టీ మాత్రం కనబడుతూనే ఉంది. వచ్చి మూడు రోజులు కొట్టు మూసేసింది.

అప్పుడు మా బాబాయి పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని చేశాడు. షరతులు చదివాడు!

ప్రెస్సులో తొంభై పేజీలూ ప్రింటు తీసి, రెండు రోజులు సెలవు పెట్టి, ఎర్ర కలం తీసుకుని అక్షరం అక్షరం చదివాడు. మూడువందల పదిహేడు తప్పులు దొరికాయి. నలభయ్యో షరతు దగ్గర ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వినియోగదారుని అనుమతి లేకుండా వినికిడి విధానంలో మార్పులు చేయబడవు" అని ఉంది. చేయబడవు!

"దొరికిపోయారోయ్!" అని అరిచాడు. పిన్నికి కూడా వినబడింది.

ముగ్గురం షోరూముకు వెళ్లాం. చల్లటి గది, తెల్లటి బల్లలు. అక్కడి సేల్స్ అమ్మాయి ఎంతో ఓపిగ్గా కాగితం చూసి, ఫోటో తీసి కంపెనీకి పంపింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది. బాబాయి గ్లాసు దించేలోపు ఆయన ఫోను టింగుమంది. షరతులు అప్‌డేట్ అయ్యాయి. నలభయ్యోది చూస్తే, "చేయబడును."

ఏమి వేగం! ప్రెస్సులో అక్షరం మార్చాలంటే మూడు టేబుళ్లు దాటాలి. దానికింద ఒక సందేశం కూడా: "పొరపాటును గుర్తించినందుకు ధన్యవాదాలు." ముప్పై ఏళ్ల సర్వీసులో బాబాయి ప్రూఫుకు ఎవరైనా ధన్యవాదాలు చెప్పడం అదే మొదటిసారి!

"మరి ఈ కాగితం మీదున్నదో?" అన్నాడు బాబాయి.

"రెండో షరతు చూడలేదా అంకుల్? కాగితం మీదున్నది చెల్లదు."

చూశాడు. చదివేటప్పుడు అందులో జారిన ఒక ఒత్తును దిద్దాడు కూడా.

పిన్ని ముందుకు వంగి, "అమ్మాయ్, నాకు కొత్తవేమీ వద్దు. మొదటిరోజు ఎలా ఉందో అలా చేసిస్తే చాలు" అంది.

"వెనక్కి వెళ్లదు ఆంటీ ఇది. ముందుకే" అంది ఆ అమ్మాయి గొంతు పెంచి.

"పోనీ, నా మిషన్‌ది రొద కాదని ఎవరికి చెప్పాలి?"

ఆ అమ్మాయి చుట్టూ చూసి, పిన్ని చెవి దగ్గరికి వచ్చి, "మా అమ్మ కూడా మిషన్ కుడుతుంది ఆంటీ. ఎవరికి చెప్పాలో నాకూ తెలీదు" అంది.

బయటికొచ్చాక బాబాయి మెట్లమీద కూర్చుండిపోయాడు. "చదవకుండా నొక్కింది నేనేనే" అన్నాడు. పిన్నికి ఆ మాట వినబడిందో లేదో నాకు తెలియదు. పక్కనే కూర్చుని ఆయన జేబులోని ఎర్ర కలానికి మూత పెట్టింది.

తర్వాత కథ సుఖాంతమే, కంగారుపడకండి. పిన్ని కొట్టు తెరిచింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని కొసను మిషన్ ఒంటికి ఆనించి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి పెడల్ తొక్కింది. చప్పుడు ఎముకలోంచి వచ్చింది. మోటుగా, గరుకుగా, ఉన్నదున్నట్టు! మొట్టమొదట ఆ కార్ఖానాకే వెళ్లి, అక్కడున్న మిషన్లన్నీ ఒక్కొక్కటే అలా వింది. మొదటి రెండింటికీ జబ్బు చెప్పింది. విప్పితే రెండూ నిజమే. సూపర్వైజరమ్మ మూడో మిషన్ దగ్గరికి స్టూలు తనే మోసుకొచ్చి వేసింది.

చూశారా? కంపెనీ దయ లేకపోతే పిన్నికి ఈ విద్య వచ్చేదా? మనుషుల మాటలకు మాత్రం స్క్రూడ్రైవర్ పనికిరాదు, ఒకసారి అబద్ధం వినిపించిన చెవిమిషన్‌ను పిన్ని మళ్లీ పెట్టుకోనంది. అందుకని బాబాయి రోజూ ప్రెస్సులో జరిగిన కబుర్లు ప్రూఫు కాగితాల వెనక రాసి తెస్తున్నాడు. మొగుడి మాటల్లో కామాలు కూడా సరిగ్గా ఉన్న ఇల్లాలు ఈ లోకంలో మా పిన్ని ఒక్కతే! వస్తువు మనది కాకపోతే ఇన్ని లాభాలు.

మొన్న కొట్టుకు వెళ్తే బల్ల సొరుగులో బాబిన్ల మధ్య ఆ చెవిమిషన్ కనబడింది.

"పిన్నీ, చేతికొచ్చిన ప్రతి మిషన్‌నీ విప్పుతావు కదా, దీన్ని విప్పి చూడలేదా?" అని గట్టిగా అడిగాను.

"చూశానురా. ఒక పూటంతా చూశాను."

"మరి?"

పిన్ని దాన్ని అరచేతిలోకి తీసుకుని, ఉఫ్ అని దుమ్ము ఊది, మళ్లీ సొరుగులో పెట్టేసింది.

"అందులో ఏదీ చెడిపోలేదురా నాన్నా. చెడిపోయుంటే ఈపాటికి బాగుచేసేదాన్ని."