బస్సెక్కిన పందితల

మనుషుల మధ్య స్నేహం నిలవాలంటే ముందు వాళ్లు మాట్లాడుకోవడం మానెయ్యాలి!

కోపగించుకుని పేజీ తిప్పెయ్యకండి. దేగు నగరంలోని మబ్బుదారి కొండనడక సంఘం సాక్షిగా ఈ మాట అంటున్నాను. ఆలోచించండి. మనుషులు మాట్లాడుకుంటే ఏమవుతుంది? మాట మాట పెరుగుతుంది. అలక వస్తుంది. అదే పని యంత్రానికి అప్పగించండి. అది అలగదు, అరవదు. పొయ్యి మీద పులుసు మాడుతోందని మాట మధ్యలో ఫోన్ పెట్టెయ్యదు.

ఈ సత్యం సంఘం అధ్యక్షుడు తాక్ కీబోంగ్‌కు కిందటి చలికాలంలో బోధపడింది.

కీబోంగ్ బీమా కంపెనీలో బ్రాంచి మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఆయన్ని 'కాస్త జరగండి' అంటున్నారు. వీధిలో 'తాతగారూ' అంటున్నారు. 'అధ్యక్షా' అని పిలిచే చోటు ఈ భూమ్మీద సంఘం ఒక్కటే. కాబట్టి సంఘం పచ్చగా ఉండటం ఆయనకు సరదా కాదు, ఊపిరి.

ఆ సంఘానికో వెబ్‌సైట్ ఉంది. పాపం, దాని మొహం చూసే నాథుడు లేడు. ఎందుకు చూస్తారు? ప్రతి శుక్రవారం కార్యదర్శి చూ బోక్‌హీ సభ్యులందరికీ స్వయంగా ఫోన్ చేసేది.

"ఏమయ్యా, బతికే ఉన్నావా? ఆదివారం ఏడింటికి బస్సు. ఏంటీ, మోకాలు నొప్పా? మొన్న కరావోకేలో బల్లెక్కి గంతులేశావే, అప్పుడు ఎవరి మోకాలు అరువు తెచ్చుకున్నావ్? నోరు మూసుకుని రా!"

ఎంత అనాగరికం! ఒక పెద్దమనిషి మోకాలు ఆయన సొంత వ్యవహారం కాదా?

దానికి తోడు ఓ పెళ్లి విందులో పక్క సంఘం అధ్యక్షుడు గ్లాసులో సోజు పోస్తూ, "మా సైట్లో రోజూ కామెంట్ల వర్షమండీ. మీ సైట్లో బూజు ఎవరు దులుపుతారు?" అని అడిగాడు. ఆ గుక్క కీబోంగ్ గొంతు దిగలేదు.

మంచు నెలల్లో సంఘం కొండెక్కదు. ఆ ఖాళీలో కీబోంగ్ గ్రంథాలయంలో పెద్దవాళ్లకు నేర్పే కంప్యూటర్ తరగతికి వెళ్లాడు. తిరిగొచ్చి సైట్‌ను ఆటోమేషన్ చేసిపారేశాడు!

మొదటి దెబ్బ హోదాల మీద. మా దగ్గర ఏ సైట్లో చేరినా ఇదే తంతు. కొత్తవాడు మొలక. పరిచయం రాసుకుని, ఐదు కామెంట్లు పెడితే ఆకు. ఇంకా వాగితే చెట్టు. వాగనివాడు నిన్నటిదాకా చెట్టయినా ఇవాళ మళ్లీ మొలకే. ఎవరు మొలకో ఎవరు చెట్టో తేల్చే పని ఇకనుంచి యంత్రానిది. బస్సులో సీట్లు కూడా హోదానుబట్టే.

రెండో దెబ్బ పలకరింపు. ప్రతి శుక్రవారం యంత్రం అందర్నీ 'ప్రియ సభ్యులారా, ఆరోగ్యమేనా?' అని అడుగుతుంది. జవాబివ్వకపోతే ఫోన్ గుర్రుమంటుంది. అయినా ఇవ్వకపోతే మళ్లీ గుర్రుమంటుంది. స్నానాల గదిలో గుర్రు, గుడిలో గుర్రు. సభ్యులు గగ్గోలు పెట్టారు.

అప్పుడు కీబోంగ్ వేశాడండీ మూడో దెబ్బ! సైట్లో ఒక కొత్త బటన్ పెట్టాడు. దానిమీద 'నా బదులు నువ్వే చెప్పు' అని రాసి ఉంటుంది. ఒక్కసారి నొక్కితే చాలు. ఆపైన మీ తరఫున యంత్రమే ప్రతివారం జవాబిస్తుంది. 'బాగున్నాను! వస్తున్నాను! మంచి కొండ!'

సాయంత్రానికల్లా అందరూ నొక్కేశారు.

ఇక చూడండి ఆ సైట్ వైభోగం! యంత్రం పలకరిస్తుంది. యంత్రం బదులిస్తుంది. ఆ బదులు తనకే నచ్చి లైకు కొట్టుకుంటుంది. అడ్డంగా మనుషులు లేకపోతే ఆప్యాయత ఎంత వేగంగా పరుగెడుతుందో అప్పుడు తెలిసింది. పక్క సంఘం వాళ్లది వర్షమైతే వీళ్లది తుఫాను!

కీబోంగ్‌కు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న నేస్తం ఒకడున్నాడు. పేరు ప్యో మాన్‌హో. ముక్తసరి మనిషి. ఇన్నేళ్ల స్నేహంలో ఏనాడూ 'ఒరేయ్ దుంగా' అని తప్ప పిలిచినవాడు కాదు. అలాంటి మాన్‌హో ఇప్పుడు ప్రతి శుక్రవారం, 'బాగున్నాను మిత్రమా! నీ క్షేమమే నా ఆనందం!' అని పెడుతున్నాడు. యంత్రం రాసిందని తెలిసినా కీబోంగ్ కళ్లు చెమర్చాయి. ఆ బటన్ నొక్కాలన్న బుద్ధి వాడిదే కదా!

మరి బోక్‌హీ? ఆవిడ బటన్ జోలికే పోలేదు. సైట్లో ఒక్క కామెంటూ పెట్టిన పాపాన పోలేదు. యంత్రానికి మొహమాటాల్లేవు. ఆవిడను మొలకను చేసింది. కొన్నాళ్లు చూసి సందేశం పంపింది. 'మీ సేవలకు ధన్యవాదాలు. మీరిక విశ్రాంతి తీసుకోవచ్చు.'

ఆవిడ ఫోన్ చేసి ఇల్లెగిరిపోయేలా అరుస్తుందని కీబోంగ్ రెండు చెవులూ సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ అరవలేదు. శుక్రవారాలు నిశ్శబ్దంగా గడిచిపోయాయి. అహా, ప్రశాంతత అనుకున్నాడాయన.

మంచు కరిగింది. అసలు పరీక్ష వచ్చింది.

ఏడాదిలో మొదటిసారి కొండెక్కేముందు కొండదేవరకు పూజ చెయ్యాలి. ఉడికించిన పందితల పెట్టి, మక్కొల్లి కల్లు పోసి, అందరూ సాగిలపడి మొక్కాలి. పందితల నవ్వు మొహంతో ఉండాలి, అది శుభం. పూజ జరగని ఏడాది ఆ సంఘంతో కొండమీద అడుగు పెట్టే ధైర్యం ఎవరూ చెయ్యరు. కాళ్లు విరుగుతాయని భయం. అంటే పూజ లేకపోతే సంఘం లేదు. సంఘం లేకపోతే అధ్యక్షుడూ లేడు!

ఏటా పందితల ముందు సీట్లో బోక్‌హీ ఒళ్లో కూర్చుని వెళ్లేది. ఈ ఏడు ఆ ఒడి విశ్రాంతి తీసుకుంటోంది. పోనీ పందితలకే సీటిద్దామంటే సభ్యులు కానివారికి సైట్ సీటివ్వదు. కీబోంగ్ వెనుకాడలేదు. మార్కెట్లో పందితలకు ఫొటో తీసి, 'దోన్ మీసో' అని పేరు పెట్టి సభ్యుడిగా చేర్పించేశాడు. నవ్వే పంది అని అర్థం. దాని తరఫున బటన్ కూడా తనే నొక్కాడు.

దోన్ మీసో తన పరిచయం రాసుకున్నాడు. 'కొత్తవాణ్ణి. కొండలంటే ప్రాణం.' క్షణంలో స్వాగతాలు వెల్లువెత్తాయి. 'ఎంత ప్రసన్నమైన మొహం!' 'మీలాంటి యువరక్తం కావాలి!' వారం తిరిగేసరికి దోన్ మీసో చెట్టయ్యాడు. ముందు సీటు ఆయనకే. ఈ ఏర్పాట్లన్నీ చూసుకుంటూ తన బటన్ నొక్కడమూ, కామెంట్లు పెట్టడమూ మరిచిపోయిన అధ్యక్షులవారు ఆకు దగ్గరే ఆగిపోయారు. ఆయనకు చివరి వరసలో, చక్రం మీద సీటు.

ఆదివారం ఉదయం ఏడు గంటలు. మెట్రో స్టేషన్ ముందు బస్సు ఆగి ఉంది. సైట్ లెక్క ప్రకారం ఒక్క సీటూ ఖాళీ లేదు.

కీబోంగ్ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. చడీచప్పుడు లేదు. ముందు సీట్లో, తను అంతకుముందే ఉంచిన ఒకే ఒక్క మొహం. అది నవ్వుతోంది.

ఆయన వెనక్కి నడిచి చక్రం మీద తన సీట్లో కూర్చున్నాడు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "సార్, బస్సంతా ఖాళీయే కదా. ముందుకొచ్చి కూర్చోండి."

"నా సీటిదే. పద్ధతి పద్ధతే."

"మరి బయల్దేరమంటారా? మీరూ, ఆ పెద్దమనిషీనేనా?"

"వస్తారయ్యా! అందరూ వస్తున్నామని రాశారు!"

ఎవరూ రాలేదు. కీబోంగ్ ఫోన్ తీసి సైట్లో పెట్టాడు. 'ఎక్కడున్నారు?' వేలు ఎత్తేలోపు జవాబులు దబదబ రాలాయి. 'వస్తున్నాను! మంచి కొండ!' 'వస్తున్నాను! మంచి కొండ!' బస్సు కదలకముందే యంత్రం వార్త కూడా వేసేసింది. 'బస్సు బయల్దేరింది! లోపల పాటలే పాటలు!' దాని కింద దోన్ మీసో, 'ఇంత ఆనందం ఎన్నడూ ఎరగను!'

మాన్‌హోకు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. మిగతావాళ్ల నంబర్లు ఆయన దగ్గరెక్కడివి? వాళ్లందరికీ ఫోన్ చేసే మనిషి వేరు. ఆ మనిషి నంబరు మాత్రం కంఠతా వచ్చు. ప్రతి శుక్రవారం భోజనం వేళకు తెరమీద కనిపించిన నంబరది.

నొక్కాడు. మోగింది. ఎత్తింది.

"ఎవరు?"

"బోక్‌హీగారూ, నేనండీ, కీబోంగ్‌ని. అధ్యక్షుణ్ణి."

"అయ్యయ్యో, అధ్యక్షులవారే! నేను మొలకనండీ. విశ్రాంతిలో ఉన్న మొలకని. మొలకలు పెద్దలతో మాట్లాడకూడదటగా?"

"అది నేను కాదండీ, యంత్రం..."

"పద్ధతి పద్ధతే అన్నయ్యగారూ. ముందు మీ పరిచయం చెప్పండి. తర్వాత ఐదు కామెంట్లు. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

కీబోంగ్ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు, చెవులు మాత్రం ఇటే ఉంచి.

"పేరు తాక్ కీబోంగ్. రిటైరైనవాణ్ణి. కొండలంటే ప్రాణం."

"ఊఁ. కామెంట్లు."

"మీరు చుట్టే కింబాప్ రుచిగా ఉంటుంది."

"ఒకటి."

"మీ గొంతు... చాలా దూరం వినిపిస్తుంది."

"అది లెక్కలోకి రాదు. మళ్లీ!"

"మీరు దారి చూపితే ఎవరూ తప్పిపోలేదు. పోయినేడు వానలో నా గొడుగు మీరే మోశారు. మీ తిట్లకు నా మోకాలు నొప్పి తగ్గేది."

"నాలుగు. ఇంకొకటి."

కీబోంగ్ ఖాళీ సీట్లకేసి చూశాడు. అన్ని వరసల అవతల, పందితల వెనక భాగం కనిపిస్తోంది.

"మీరు చెయ్యడం మానేశాక," అన్నాడు నెమ్మదిగా, "ఈ చలికాలమంతా నా ఫోన్ మోగలేదు బోక్‌హీగారూ. గుర్రుమంది. మోగలేదు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"మాన్‌హో సంగతి తెలుసా మీకు?" అంది బోక్‌హీ. గొంతులో వెటకారం పోయింది.

"బాగున్నానని మొన్న శుక్రవారం కూడా పెట్టాడే!"

"బాగుండటమా? స్నానాలశాల మెట్ల మీద మంచుకు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కొత్త సంవత్సరం పండక్కి ముందునుంచీ ఆస్పత్రిలో ఉన్నాడు. జావ పట్టుకెళ్లేది నేను. మీరొస్తారని తలుపుకేసి చూస్తూ పడుకుంటాడు. 'దుంగ ఇంకా రాలేదేం' అంటాడు."

కీబోంగ్‌కు 'నీ క్షేమమే నా ఆనందం' అన్న వాక్యానికి తను కొట్టిన లైకు గుర్తొచ్చింది.

"సరే, ఏడవకండి. పందితల నవ్వు మొహంతోనే ఉందా?"

"ఉంది."

"అయితే అది చాలు. కొండ కిందికి పోనివ్వండి బస్సు. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె ఏమేం తిట్టిందో నాకు తెలియదు. తెలిసినా అచ్చు వెయ్యరు. పొద్దెక్కేసరికి పల్గొంగ్ కొండ కింద టాక్సీలు ఆగడం మొదలైంది. ఒకాయన చెప్పులతోనే వచ్చాడు. ఇంకొకామె జుట్టుకు రంగు పెట్టుకుని, ప్లాస్టిక్ టోపీతో దిగింది. "నేను వస్తున్నానని నాకెవరూ చెప్పలేదే!" అని అందరూ ఒకటే ఆశ్చర్యం. బోక్‌హీ వస్తూనే పందితలను కీబోంగ్ చేతుల్లోంచి లాక్కుని, దాని చెవులు సర్ది, పీట మీద పెట్టింది.

పూజ జరిగింది. దోన్ మీసో నోట్లో డబ్బు నోట్లు పెట్టి అందరూ సాగిలపడ్డారు. తర్వాత ఆనవాయితీ ప్రకారం ఆయన్ని ముక్కలు కోసి, ఉప్పురొయ్యలు నంజుకుని తినేశారు. ఎంతైనా చెట్టు హోదా, రుచిగానే ఉన్నాడు.

కొండ ఎక్కడం మరో ఆదివారానికి వాయిదా పడింది. బస్సు ఆస్పత్రికి తిరిగింది.

మంచం మీద మాన్‌హో చిక్కిపోయి ఉన్నాడు. గుమ్మంలో కీబోంగ్‌ను చూశాడు.

"ఏరా దుంగా, వచ్చావా. పొద్దున కొండకి నేనూ వచ్చానటగా. ఎలా ఉందిరా కొండ?"

"మంచి కొండ అన్నావుగా నువ్వే!" అన్నాడు కీబోంగ్. మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు.

అక్కడే, ఆ గదిలోనే, బోక్‌హీ అందరిచేతా ఫోన్లు తీయించి బటన్ ఆపించింది. శుక్రవారం మళ్లీ ఆవిడ తిట్లు మొదలయ్యాయి. మొదటి ఫోన్ కీబోంగ్‌కే. ఆయన వెంటనే ఎత్తలేదు. కాసేపు మోగనిచ్చాడు.

అయితే ఆటోమేషన్ ఓడిపోయిందంటారా? అపచారం! బటన్ ఆపడానికి వేలు లేని సభ్యుడు ఒకడు మిగిలాడు. యంత్రం ఇప్పటికీ ప్రతివారం ఆయన్ని ఆరోగ్యం అడుగుతుంది. ఉప్పురొయ్యలతో ఎప్పుడో అరిగిపోయిన దోన్ మీసో క్షణం ఆలస్యం చెయ్యకుండా బదులిస్తాడు. 'బాగున్నాను! వస్తున్నాను! మంచి కొండ!' కిందటి నెల ఉత్తమ సభ్యుడు ఆయనే.

ఇంతకీ మీ నేస్తం ఎవరో ఈ ఉదయం 'బాగున్నాను' అని పెట్టారా? చాలా సంతోషం.

దోన్ మీసో కూడా పెట్టాడు.