గ్డాన్‌స్క్ వెళ్ళిన అత్తగారి కుర్చీ

నవ్వకూడదు, ముందే చెప్తున్నా. నవ్విన వాణ్ణి ఈ ఆవిరి గదిలోంచి ఈడ్చుకెళ్ళి బయట గడ్డకట్టిన సరస్సులో ముంచేస్తాను. ముంచాక పైకి తీసే పూచీ నాది కాదు.

మా అత్తగారు ట్యూరా గుర్తుందిగా మీకు? పోతూ పోతూ తన ఊగే కుర్చీని మాకు వదిలి పోయింది. నన్నడిగితే ఆవిడ పోలేదు, కుర్చీలోకి మకాం మార్చింది, అంతే. దాని ఎడమ చేతి మీద ఆవిడ చుట్టతో కాలిన మచ్చ ఒకటి, నల్లగా, గుండ్రంగా, కన్నులా ఉంటుంది. ఆ కన్ను సరిగ్గా నా సోఫా వైపే చూస్తుంది. నేను రెండో బీరు తెరిచానా, కుర్చీ కిర్రుమనేది.

"గాలికి," అనేది మా ఆవిడ రిగ్మోర్.

"కిటికీలన్నీ మూసే ఉన్నాయి."

"అయితే అమ్మకి నీ తాగుడు నచ్చలేదు."

"అటక మీద పెట్టేద్దామే, నీకు పుణ్యముంటుంది."

"టోర్కిల్, ఆ కుర్చీ ఏ రోజు ఈ గడప దాటుతుందో, దాని వెనకాలే నేనూ దాటతాను."

రిగ్మోర్ ఊరికే బెదిరించే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో నేను బంగాళాదుంపలు మాడిస్తే, ఇక నీచేత వండించనంది. ఇవాళ్టిదాకా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఇక మా దుప్పట్ల కంపెనీ సంగతి మీకు తెలిసిందే. ఒకప్పుడు ఊరి చివర ఒక్క కొట్టు. ఇప్పుడు దేశాల మీద దేశాలు కప్పుకుంటూ పోతోంది. కొత్త దేశంలో కొట్టు తెరవాలంటే ముందు నన్ను తోలతారు, నమూనా పడకగది సర్దడానికి. ఏ దేశమైనా అదే మంచం, దాని మీద అవే రెండు దుప్పట్లు, అదే దీపం, అదే ఎడమ పక్కన. అంగుళం తేడా వస్తే మా యజమాని ఫోల్మర్ ప్రాణం తీస్తాడు. అందుకే వెనకాల ఆయన్ని కొలబద్ద అంటాం.

పొద్దున మన ఊళ్ళో, విబోర్గ్‌లో లేచి, విమానమెక్కి, ఎక్కడో దిగి తలుపు తీస్తే మళ్ళీ అదే గది. అసలు నేను ఇంట్లోంచి బయల్దేరానా లేదా అని ఒక్కోసారి నాకే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ వేసవిలో రిగ్మోర్ బోర్న్‌హోమ్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలి దగ్గరికెళ్ళింది. నాకు పోలండ్‌లో, గ్డాన్‌స్క్‌లో కొట్టు తెరిచే పని పడింది. మా నమూనా గది పటంలో బీరువా పక్కన ఒక మూల ఖాళీ. ఇంకేం కావాలి చెప్పండి? అత్తగారిని సామాన్ల లారీ ఎక్కించాను. ఆ మూల గోడకేసి తిప్పి కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పేశాను.

అక్కడ ఒకావిడ మంచం చూసి అడిగింది: "ఏం బాబూ, దుప్పట్లు రెండెందుకు? ఈ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవట్లేదా?"

"మాట్లాడుకుంటారమ్మా. కుర్చీ గురించి తప్ప," అన్నాను.

రిగ్మోర్ తిరిగొచ్చి ఖాళీ చోటు చూసింది. నేను ముందే కంఠతా పట్టిన ముక్క అప్పజెప్పాను.

"పురుగు పట్టిందే. సిల్కెబోర్గ్‌లో ఒక వడ్రంగికి ఇచ్చొచ్చాను."

"మంచివాడేనా?"

"బంగారం."

"సరే," అంది.

కొన్ని వారాలయ్యాక, పురుగు మొత్తం తినేసిందని చెప్పి కళ్ళు తుడుచుకోవాలని నా పథకం. ఆ 'సరే' విని లోలోపల గంతులేశాను. మూడో బీరు కూడా తెరిచాను.

కొన్నాళ్ళకి, ఇద్దరం భోజనం చేస్తుంటే, మేడ మీంచి చప్పుడు. కిర్ర్... ర్... ఆగి, మళ్ళీ కిర్ర్... ర్.

"విన్నావా?"

"ఏమిటి?"

"పైన! ఖాళీ గదిలో!"

"నాకేం వినపళ్ళేదు. తిను." చేప ముక్కల పళ్ళెం నా ముందుకి జరిపింది. పైకెళ్ళి చూద్దామంటే ఆ గదికి తాళం. తాళంచెవి ఏదని అడిగితే, ఎక్కడో పెట్టి మర్చిపోయానంది.

మర్నాడు పొద్దున కాఫీ పోస్తూ ఊరికే అన్నట్టు అంది. "రాత్రి అమ్మ కల్లోకి వచ్చింది. ఎక్కడో కొత్త పరుపుల వాసనట. చుట్టూ అర్థంకాని భాషట. ఎవరెవరో వచ్చి తన ఒళ్ళో కూర్చుంటున్నారట."

నల్లరొట్టె నా గొంతుకి అడ్డం పడింది.

"మెల్లిగా మింగు మహానుభావా," అంటూ వీపు మీద ఒక్కటిచ్చింది. అవసరమైన దానికంటే గట్టిగానే ఇచ్చింది.

ఆ తర్వాత జాగ్రెబ్‌లో కొట్టు. తెరిచే రోజు పొద్దున్నే అందరూ బయట జెండాలు కడుతున్నారు. నేనొక్కణ్ణే లోపలికెళ్ళి దీపాలు వేశాను. అదే గది. అదే మంచం. బీరువా పక్కన అత్తగారి కుర్చీ!

గుమ్మానికేసి తిరిగి ఉంది. ఎడమ చేతి మీద మచ్చ. అన్నిటికంటే ఘోరం, అది ఊగుతోంది. ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు, నెమ్మదిగా. ఎవరికీ చెప్పకండి, చుట్ట వాసన కూడా వచ్చింది, ఒట్టు.

అక్కడి మేనేజరమ్మాయిని పిలిచాను. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మీ దగ్గర్నుంచే, పెట్టెలో," అని నన్ను జాలిగా చూసింది.

దాన్ని ఈడ్చుకెళ్ళి తలగడల గుట్ట వెనక దాచాను. మొహం కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ మూలలో, గుమ్మానికేసి. కొట్టు తెరిచినప్పుడు పెట్టే కేకు కూడా తినకుండా వచ్చేశాను. నేను కేకు వదిలేశానంటే నా పరిస్థితి ఎలా ఉందో మీరే ఆలోచించండి.

సోఫియా కొట్టులో ఒకటి కాదు, గోడ పొడుగునా వరసగా అత్తగార్లు! అందరికీ అదే మచ్చ. ఊళ్ళో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, ఊగి, మురిసిపోతున్నారు. వాళ్ళు లేచాక కూడా కుర్చీలు ఆగలేదు. అన్నీ ఒక్క లయలో ఊగుతూనే ఉన్నాయి. ఆ మచ్చలన్నీ నాకేసే చూస్తున్నాయి. అప్పుడే రిగ్మోర్ దగ్గర్నుంచి ఫోను.

"అమ్మ మళ్ళీ వచ్చింది, టోర్కిల్. 'ఇప్పుడు నేను ఒక్కదాన్ని కాదే, చాలామందినయ్యాను' అంది. దానర్థం ఏమై ఉంటుందంటావ్?"

దొరికిన విమానం ఎక్కాను. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఆవిడ ముందు మోకాళ్ళ మీద పడ్డాను.

"రిగ్మోర్, వడ్రంగి లేడు. సిల్కెబోర్గ్ లేదు. మీ అమ్మని గ్డాన్‌స్క్‌లో వదిలేశాను. ఆవిడ నన్ను దేశదేశాలా తరుముతోంది. నువ్వు ఇల్లు వదిలి మాత్రం పోకు. నాకు వంట కూడా రాదు!"

ఆవిడ రొట్టె కోయడం ఆపలేదు. "చెప్పులు విప్పు. నేల పాడవుతుంది."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చి చాలా రోజులైంది. నువ్వు సరస్సులో నీ స్నేహితులతో మునుగుతున్న రోజు ఫోల్మర్ ఫోను చేశాడు. గ్డాన్‌స్క్‌లో పటంలో లేని కుర్చీ ఒకటుంది, దుప్పటి తీసి చూసిన జనం అదే కావాలని కొట్టుకుంటున్నారు, ఎక్కడిదీ అని. మా నాన్న చేసిందని చెప్పాను."

"చెప్పి?"

"అలాంటివే చేయించుకోండి, కానీ మూడు షరతులన్నాను. మా అమ్మ పేరు పెట్టాలి. మా కుర్చీ వెంటనే ఇంటికి రావాలి. మా ఆయన తెరిచే ప్రతి కొట్టులో అది గుమ్మానికేసి చూస్తుండాలి, ఆయనకి మాత్రం చెప్పకూడదు."

"మరి ఆ మచ్చ?"

"నమూనాలో ఉన్నదంతా ఉండాలని మీ కొలబద్ద హుకుం. కార్ఖానా వాళ్ళు మచ్చని కూడా కొలిచి మరీ వేశారు."

తర్వాత కత్తి పక్కన పెట్టింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. "నేను కడుపులో ఉండగా నాన్న చేశాడది. దాన్లో కూర్చునే అమ్మ నాకు పాలిచ్చింది. నన్నొక్క మాట అడక్కుండా అమ్మని ఇంట్లోంచి పంపేస్తావా? నాకు చాలా కష్టమేసింది, టోర్కిల్."

చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టొచ్చాను.

"మరి నన్ను వదిలి ఎందుకు పోలేదు?"

"కుర్చీ తిరిగొచ్చిందిగా. నేనెందుకు పోతాను? పాపం అమ్మ ఏనాడూ ఈ దేశం దాటలేదు, నీ ధర్మమా అని ప్రపంచం చూస్తోంది." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "కలలన్నీ నేనే అల్లాను. నువ్వు రొట్టె మింగలేక గుడ్లు తేలేస్తుంటే చూడాలి!"

నాకూ నవ్వొచ్చింది. ప్రాణం కుదుటపడింది. "పైన గదిలో ఉందన్నమాట కుర్చీ! ఇన్నాళ్ళూ కిర్రుమనిపించి నన్ను చంపావు కదే!"

"నేనెక్కడ చంపాను? వినపళ్ళేదని చెప్పాగా."

"అదీ అబద్ధమేగా?"

"కాదు, టోర్కిల్." ఆవిడ నవ్వు ఆగిపోయింది. "కుర్చీ గురించి అబద్ధమాడాను. చప్పుడు మాత్రం నాకు నిజంగా వినపళ్ళేదు. అయినా నేను నీ ఎదురుగా కూర్చుని తింటుంటే, పైన ఎవరు ఊపుతారు?"

ఇద్దరం పైకప్పు కేసి చూశాం. కిర్ర్... ర్.

ఈసారి ఆవిడకీ వినిపించింది.

ఆ రాత్రి ఇద్దరం ఒకే దుప్పట్లో దూరాం. నా పాదాలు తెల్లార్లూ బయటే ఉన్నాయి. లోపలికి లాక్కుందామంటే రిగ్మోర్ కదలనివ్వలేదు.

తెల్లారగానే కుర్చీని నేనే మోసుకొచ్చి సోఫాకి ఎదురుగా వేశాను. ఇప్పుడు రెండో బీరు లేదు. ఆదివారం ఆదివారం సాసర్లో ఒక చుట్ట వెలిగించి ఆ చేతి పక్కన పెడుతున్నాను. ఆ చుట్టలు కొనేది కూడా నేనే. ఊరెళ్ళాలంటే దాని ముందు నిలబడి, "అత్తయ్యా, వెళ్ళొస్తా" అంటాను. ఊగితేనే బయల్దేరాలి. ఈ నియమం పెట్టింది ఎవరో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇవాళ పొద్దున కాసాబ్లాంకాలో కొట్టు తెరవడానికి నేను వెళ్ళాల్సింది. ఎండ, సముద్రం, కమలాపళ్ళు. పెట్టె సర్దుకుని అత్తగారి ముందు నిలబడ్డాను. ఊగలేదు. బతిమాలాను. చుట్ట వెలిగించాను. ఉహూ.

రిగ్మోర్ వచ్చి, "అమ్మా, నేను వెళ్ళిరానా?" అంది. కుర్చీ ఊగింది చూడండి, ఉయ్యాల ఊగినట్టు!

నా పెట్టె, నా విమానం సీటు, నా కమలాపళ్ళు, అన్నీ ఆవిడకే. కొలబద్ద కూడా ముందే ఒప్పుకున్నాడట, టిక్కెట్టు మీద పేరు మొదట్నుంచీ రిగ్మోర్‌దేనట!

అదేంటి, అప్పుడే లేస్తున్నారు? కూర్చోండర్రా, ఇంకాసేపు. ఇంటికెళ్తే నేనూ అత్తగారూ తప్ప ఎవరూ ఉండరు. మీలో ఒకరు నాతో వచ్చి పడుకోకూడదూ? దుప్పట్లు రెండున్నాయి.